కొసరుగా వచ్చిన మట్టిబిళ్ళ

నాలుగువేల ఏళ్ళనాటి సరుకును బేరమాడి సంపాదించి, ఇంటికి తెచ్చి బకెట్లో నానబెట్టిన ఘనత మా ప్రొద్దుటూరులో నా ఒక్కడికే ఉంది. ఇంకెవరైనా ఉంటే ముందుకు రమ్మనండి.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన ఆగస్టు అది. మిర్కాబ్‌లో నేను పనిచేసే గిన్నెల కొట్టు మూతపడింది. నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, సౌదీకి వెళ్ళిపోయాడు. దీనార్లు చూపిస్తే ఎవరూ పలకడం లేదు, బియ్యం చూపిస్తే కుర్చీ వేస్తున్నారు. నా గదిలో ఉండే రాయచోటి వంటాయనా (ఆయన్ని భాయ్ అనేవాణ్ణి), నేనూ కలిసి మంచం కింద ఒక మూట బియ్యం దాచుకున్నాం. పక్క వీధిలో ఒక జోర్డాన్ టీచరుకు వ్యాను ఉంది. ఆ మూట ఇస్తే అమ్మాన్ దాకా రెండు సీట్లు ఇస్తానన్నాడు. అంతటితో ఊరుకోక, తాను బడిలో చరిత్ర చెబుతాననీ, పాత వస్తువులంటే ప్రాణమనీ నోరుజారాడు.

గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. కొనేవాడి బలహీనత తెలిశాక ఊరికే ఎలా ఉంటాను?

కువైట్ తీరానికి ఎదురుగా ఉన్న ఫైలకా దీవిలో తవ్వకాల దగ్గర కాపలా ఉండి, యుద్ధానికి భయపడి వచ్చేసిన ఒక ముసలాయన దగ్గర కిలుము పట్టిన రాగి గొడ్డలి ఉందని విన్నాను. నాలుగువేల ఏళ్ళదట. వెళ్ళి బియ్యం ఇస్తానన్నాను. "మూట మొత్తం ఇస్తేనే," అన్నాడు హిందీలో.

"చాచా, కొసరు లేకుండా మా ఇంట్లో ఎవరూ వంకాయ కూడా కొనలేదు."

విసిగిపోయి సంచిలోంచి బిస్కెట్టంత మట్టిబిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. దానిమీద పిట్ట నడిచినట్టు గీతలు. "ఖలాస్! ఇక పో."

గదికి రాగానే భాయ్ మంచం కింద చూశాడు. "మూట యాడ శెట్టీ?"

"పెట్టుబడి పెట్టినా భాయ్. ముందు సీట్లు తెస్తా, పైన దారిఖర్చు గూడా."

"తినేదాన్ని పెట్టుబడి పెట్టేది నువ్వేనబ్బా!"

మాసిన సరుకును గిరాకీ ముందు పెట్టకూడదని మా కొట్లో నియమం. భాయ్ చారుకు దాచుకున్న చింతపండు ఉప్పుతో కలిపి తోమితే, గొడ్డలి పెళ్ళికొడుకులా మెరిసింది. మట్టిబిళ్ళ కూడా మురికిగానే ఉంది కదా, కాస్త నాననీ అని బకెట్లో పడేశాను. తిరిగొచ్చి చూస్తే బకెట్లో బురద. పోనీలే, కొసరే కదా అనుకున్నాను.

భాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి చూపిస్తే, టీచరు గొడ్డలిని అటూ ఇటూ తిప్పాడు. "నిన్న పోత పోశారా?"

"నాలుగువేల ఏళ్ళది ఉస్తాద్! నేనే తోమాను."

"ఆ పచ్చటి పొరే కదయ్యా దాని వయసు! ఇక ఎవరు నమ్ముతారు?" గొడ్డలి నా చేతిలో పెట్టేసి, "దీంతోపాటు ఇంకేమైనా దొరికిందా?" అన్నాడు.

బిళ్ళ సంగతి చెప్పి, గీతలు గాలిలో గీసి చూపించాను. ఆయన మెట్టుమీద కూలబడ్డాడు. "అది రాత! కాల్చని మట్టి, నీళ్ళలో వేస్తే కరగదా? రాయడం నేర్చిన కొత్తల్లో మనుషులు ఎక్కువగా రాసుకున్నది పద్దులే. ఎవరికెంత బార్లీ ఇచ్చారు, ఎంత రాగి వచ్చింది అని. దానికైతే సగం వ్యాను ఇచ్చేవాణ్ణి."

"ఏమంటాండాడు?" అన్నాడు భాయ్.

చెప్పాను. నాలాంటి శెట్టి ఎవడో శ్రద్ధగా రాసుకున్న గింజల లెక్కను, మూటెడు గింజలు పోసి తెచ్చి కడిగేశానని.

భాయ్ తిడతాడనుకున్నాను. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు. "చారుకు చింతపండు గూడా లేకుండా చేస్తివి గదరా!"

తర్వాత ఆయనే వచ్చీరాని అరబ్బీలో టీచరుతో మాట్లాడాడు. వ్యానులో అందరికీ దారిపొడుగునా వండిపెడతానన్నాడు. సీటు ఖాయమైంది.

"మరి ఇతను?" అన్నాడు టీచరు నన్ను చూపించి.

"వీడు గిన్నెలు తోముతాడు ఉస్తాద్. తోమడంలో వీణ్ణి మించినోడు లేడు."

అమ్మాన్ దాకా ఇసుకతో తోమాను.

ఇక లెక్క. ఇచ్చింది మూట బియ్యం, అందులో సగం భాయ్‌ది. చింతపండు మొత్తం భాయ్‌దే. వచ్చింది ఒక గొడ్డలి. దారిలో వంటచెరకుకు చెక్కపెట్టె చీల్చబోతే వంగింది. మా చేతి గడియారాలు ఊడదీసుకున్న సైనికుడు కూడా దాన్ని నాకే తిరిగిచ్చాడు. సీటు భాయ్ వంటకు దక్కింది, నా బేరానికి కాదు. ఇక ఆ మట్టిబిళ్ళ రాసుకున్నవాడికి ఎవరెంత ఇవ్వాలో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆ బాకీ కూడా నా పేరు మీదే రాసుకున్నాను.