రైకను కొట్టేసి జాకెట్టు రాసిన సారు

శనివారం మా కాలేజీ పత్రిక అచ్చుకు పోతుంది. ఆలోపే తేలాల్సిన విషయం కాబట్టి ఇవాళే రాస్తున్నాను.

గద్వాలలో మగ్గాల దగ్గర నేతకు నూలు కండెలు చుట్టే మా అమ్మను అడిగి, బట్టల పేర్లు ఎలా పుట్టాయో ఒక వ్యాసం రాశాను. అమ్మకు చదువు రాదు. సగం వ్యాసం ఆమె చెప్పిందే కనుక నా పేరు పక్కన ఆమె పేరు కూడా పెట్టాను.

పత్రిక చూసే సారు ఇవాళ కాగితాలు తిరిగిచ్చారు. కోక కొట్టేసి శారీ, రైక కొట్టేసి జాకెట్టు అని ఎర్ర సిరాతో దిద్దారు. అమ్మ పేరు మీద కూడా గీత పెట్టారు.

"ఎందుకు సార్?" అన్నాను.

"పత్రికంటే అచ్చ తెలుగుండాలె. గీ మోటు మాటలేంది?"

"జాకెట్టు ఇంగ్లీషు మాట సార్. మన రవికనే రైక అయింది. నిఘంటువు తెచ్చిన, జర చూడుండ్రి."

"చదువు రానామె చెప్తె నువ్వు రాసుడు, దాన్ని నేను అచ్చేసుడా?"

నిఘంటువు తెరవను కూడా లేదు. సారు లెక్కన ఓడెక్కి వచ్చిన మాట అచ్చ తెలుగు, గద్వాల దాటని మాట మోటు!

ఇంట్లో చెబితే అమ్మ, "నా పేరు లేకుంటే ఏమైతది బిడ్డా, నీది రానీ" అంది. ఆమె పేరు లేకుండా నా పేరు రానివ్వను.

మీ ఇళ్లలో కోక, రైక, అంగీ, లాగు అనేవాళ్లుంటే శుక్రవారం సాయంత్రంలోగా కింద రాయండి. అన్నీ సారు బల్ల మీద పెడతాను. ఎవరి నోట విన్నారో, వాళ్ల పేరు మాత్రం తప్పక రాయండి.