అమ్మలా పలికిన పాట

పన్నెండేళ్లుగా అమెరికా బార్లలో గిటార్ పట్టుకుని ఇక్కడి పల్లె బాణీల కంట్రీ పాటలు పాడుతున్నాను. నాకు పేరు తెచ్చింది ఒక్క పాటే. ఇంగ్లిష్ మాటల చివర ‘ఉ’ తగిలించే మా అమ్మ యాసను అందులో అచ్చంగా అనుకరించాను. జనం విరగబడి నవ్వేవాళ్లు. ఆమె వినదులే అనుకున్నాను, కానీ ఆమె ముఖం చూడలేక ఇంటికి వెళ్లడం మానేశాను.

అమ్మ పోయిన ఏడాదికి, ఇక ఆ పాట పాడకూడదనుకుని, మోరిస్‌విల్‌లో ఆమె వెళ్లే తెలుగు చర్చికి వెళ్లాను. అక్కడ ప్రసంగానికి ముందు ఎవరైనా లేచి తమ జీవితంలో జరిగింది సాక్ష్యంగా చెప్పవచ్చు. తలమీద చున్నీ వేసుకుని, వచ్చీరాని తెలుగులో ఆ పాట సంగతంతా చెప్పేశాను. ఒక్కరూ ‘ఆమేన్’ అనలేదు. చెప్పేస్తే బరువు దిగుతుందంటారు. నాకేం దిగలేదు.

భోజనాల దగ్గర చివరి టేబుల్ ముందు ఒక్కదాన్నే కూర్చుని పులిహోర కెలుకుతున్నాను. అమ్మ స్నేహితురాలైన ఆంటీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఆ పాట మాకు తెలుసమ్మా. అది హిట్ అవ్వాలని మీ అమ్మ ప్రతి సండే ప్రేయర్ రిక్వెస్ట్ ఇచ్చేది. అందరం ప్రే చేసేవాళ్లం.”

“అమ్మ విన్నదా, ఆంటీ?”

“కార్‌లో అదే ప్లే చేసేది. ‘మా అమ్మాయి నా మాటల్ని ఎంత శ్రద్ధగా విందో చూడండి’ అనేది.”

పార్కింగ్‌లో కార్ స్టార్ట్ చేయకుండా కూర్చుని అమ్మ గొంతు గుర్తుచేసుకోబోయాను. పాటలో ఆమెను అనుకరిస్తూ నేను పెట్టిన గొంతే వినిపించింది.