మా లెక్చరర్ గారు వేసిన మార్కులు

పెళ్లైన కొత్తలో నాకు నోరుండేది కాదు (ఇప్పుడు నన్నెరిగినవాళ్లెవరూ నమ్మరనుకోండి). నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పే మా ఆయనకు తెలియని సంగతే లేదని నా గట్టి నమ్మకం. ఆయన బోర్డు మీద వీర్యకణం గీశారంటే తల, మెడ, తోక అచ్చుగుద్దినట్టు వచ్చేవట. అంత బాగా గీసే మనిషికి పరీక్షలేమిటని, పిల్లలు పుట్టని ఆ ఏళ్లన్నీ పరీక్షలు నాకే చేయించారు. చివరికి డాక్టరమ్మ పట్టుబడితే సరేనన్నారు. అత్తయ్య కూడా బయలుదేరింది. "మావోడికేం లేదని తేలగానే నిన్ను నకరికల్లులో మీ అమ్మకాడ దింపుతా" అంటూ నా బట్టల సంచి కూడా ఆటోలో పెట్టించింది.

ల్యాబ్‌లో టెక్నీషియన్ మా ఆయన పాత స్టూడెంటే. శాంపిల్ చూసి మొహం వేలాడేశాడు. గురువుగారికి ఆ మాట చెప్పడానికి నోరు రాక, "మీరే చూడండి సార్" అన్నాడు. మైక్రోస్కోపు కంటికి ఆనిందో లేదో, మా ఆయన ఎక్కడున్నదీ మరిచిపోయి క్లాసు మొదలుపెట్టేశారు. "ఏందయ్యా ఇవి, చానా అధ్వాన్నంగా ఉన్నయ్! తోకలిట్టా చుట్టుకుపోతే గుడ్డు దాకా ఈదేదెట్టా? మెడలు చూడు, అన్నీ వంకర్లే. సెంట్రియోల్ ఉండేది ఆ మెడలోనే. అది సరిగ్గా లేకపోతే లోపలికి పోయినా పిండం రెండు కణాలుగా చీలడమే కష్టం. పదికి రెండు మార్కులు కూడా ఎయ్యను!"

కర్టెన్‌కి ఇవతల బెంచీ మీద నా పక్కనే కూర్చున్న అత్తయ్య ఉండబట్టలేక, "ఎవురియ్యిరా అయ్యి?" అని కేకేసింది.

లోపలి నుంచి టెక్నీషియన్ గొంతు సన్నగా వినబడింది. "సార్... అయ్యి మీయే సార్."

నాకు నవ్వాగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ నవ్వు ఏడుపెప్పుడైందో నాకే తెలియదు. అత్తయ్య నన్నే చూస్తూ, "ఇన్నాళ్లూ అన్నన్ని మాటలన్నానే, ఒక్కదానికన్నా తిరిగి అనలేదేందే?" అంది.

"లోపం నాదేననుకున్నా అత్తయ్యా."

ఆటో నకరికల్లు పోకుండా తిన్నగా ఇంటికే వచ్చింది. తర్వాత డాక్టరమ్మ ఉన్నవాటిలో కాస్త మంచిదాన్ని ఏరి, సూదితో గుడ్డులోకి పంపింది. మాకు పాప పుట్టింది. మా ఆయన ఆ పాఠం ఇప్పటికీ చెబుతారు (గొంతు తగ్గించి).

కొంగు నోట్లో కుక్కుకున్న ఆ పిల్ల గుర్తొస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. వెంటనే వెళ్లి ఆ బెంచీ మీద దాని పక్కన కూర్చుని, "నీకేం లోపం లేదే పిచ్చిదానా, గట్టిగా నవ్వు" అని చెప్పాలనిపిస్తుంది.