పళ్ళ మేస్త్రి చేతిపని

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పళ్ళ మేస్త్రి అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. మేస్త్రి అన్నాం కదా అని పెద్ద హోదా ఊహించుకోకండి. పళ్ళ డాక్టరుగారి ఆస్పత్రిలో వెనకగది, సగమే తెరుచుకునే కిటికీ, ఎంత తుడిచినా పోని ప్లాస్టరు దుమ్ము, ఆ దుమ్ములో ఒక స్టూలు, స్టూలు మీద ఆయన. ముందుగదిలో డాక్టరు జనం నోళ్ళకు అచ్చులు తీసి పంపిస్తాడు. ఈయన వాటిలో ప్లాస్టరు పోసి దవడలు తయారుచేసుకుంటాడు. వాటి మీద మైనం పరిచి, ఒక్కో పన్నూ గుచ్చి, ఆనక మైనం కరిగించి ఆ చోట గులాబీరంగు చిగుళ్ళు పోసి కట్టుడు పళ్ళు సిద్ధం చేస్తాడు. పెట్టుకున్నవాళ్ళు డాక్టరు హస్తవాసిని మెచ్చుకుంటూ వెళ్ళిపోతారు. వెనకాల ఒక మనిషి కూర్చుని ఉన్నాడని వాళ్ళకు తెలియనే తెలియదు.

దానికి మేస్త్రి ఎప్పుడూ నొచ్చుకోలేదు. ఆయనకు కావలసిన మెప్పు ఆయన వేరే దారిలో రాబట్టుకునేవాడు. కొత్త పళ్ళు పెట్టాక డాక్టరు మనిషి చేతికి అద్దం ఇస్తాడు. సరిగ్గా ఆ సమయానికి మేస్త్రి చేతిలో పని వదిలేసి, తలుపు సందు దగ్గర నిలబడతాడు. ఆ మనిషి అద్దంలో పళ్ళనే పట్టి పట్టి చూసుకుంటే మేస్త్రి మొహం వాడిపోతుంది. పళ్ళ సంగతి మరిచిపోయి జుట్టు సర్దుకుంటేనో, కాలర్ దిద్దుకుంటేనో, ఇక ఆ రోజంతా ఆయనకు పట్టపగ్గాలుండవు. నోట్లో ఉన్నది పరాయి వస్తువన్న ధ్యాసే మనిషికి లేకపోవాలి, పని గెలవడమంటే అదీ, అని ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడల్లా చెప్పేవాడు. విని విని ఆయన భార్యకు ఆ మాటలు కంఠతా వచ్చేశాయి.

లోకం లెక్క వేరు కదా. ఎక్కడైనా ఒకటే అడుగుతారు, పైకొచ్చాడా లేదా అని. ఏ మెట్లు ఎక్కి ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ వెనకగదిలోనే ఒకప్పుడు మేస్త్రి పక్క స్టూలు మీద కూర్చుని మైనం గీకినవాడొకడు నిజంగానే పైకొచ్చాడు. మూడంతస్తుల మేడలో మిషన్లు పెట్టి, ఊళ్ళో సగం నోళ్ళకు పళ్ళు వాడే పంపిస్తున్నాడు. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు కాబట్టి వాడికి కోటు అనే పేరు పడింది. జీవితంలో గెలవడమెలా అని కాలేజీ పిల్లలకు ఉపన్యాసాలు కూడా ఇస్తుంటాడు. ఒకసారి ఇంటికొచ్చి, "నా దగ్గరికి వచ్చెయ్ రా, నలుగురి మీద పెత్తనం చేద్దువుగాని" అని బతిమాలాడు. మేస్త్రి కాళ్ళ వంక చూసుకుంటూ, "అక్కడ తలుపు సందు ఉండదు కదరా" అన్నాడు. కోటుకు అర్థం కాలేదు. మేస్త్రి భార్యకు అర్థమైంది, అందుకే రెండు రోజులు మొగుడితో మాట్లాడలేదు.

ఆ ఇంట్లో మేస్త్రి పక్షాన నిలబడే మనిషి ఒక్కతే, వాళ్ళక్క. తల్లి పోయినప్పుడు తమ్ముడింకా పలక పట్టలేదు. అక్క బట్టల మిల్లులో బొత్తాలు కుట్టే పనికి చేరి వాణ్ణి సాకింది. కత్తెర కోసం చెయ్యి చాపితే పని వెనకబడుతుందని దారం పంటితోనే కొరికేది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "నన్ను చేసుకునేవాడు మా తమ్ముణ్ణి కూడా ఎత్తుకోవాలి, అంత బలం ఉన్నవాణ్ణి తీసుకురండి చూద్దాం" అని నవ్వేసేది. అలా నవ్వుతూ నవ్వుతూనే ముసలిదైపోయింది. తమ్ముడు పనిలో కుదురుకున్న రోజున ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఇంక నాకేం కావాలిరా, నీ చేతిలో పనుంది" అందట. ఆవిడ గెలుపు అక్కడితో పూర్తయిపోయింది. అంతకుమించి ఈ ప్రపంచాన్ని ఆవిడ ఏమీ అడగలేదు.

దారం కొరికిన పళ్ళు ముందుగా పోయాయి. మిగతావి ఒకదాని వెనక ఒకటి కదిలాయి. చివరికి డాక్టరే అన్నీ పీకేసి, చిగుళ్ళు మానాక కట్టుడు పళ్ళు పెడదామన్నాడు. మేస్త్రి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఊళ్ళో వాళ్ళందరి నోళ్ళకూ పళ్ళు చేశాడు, ఇన్నాళ్ళకు అక్కకు చేస్తున్నాడు. ఈ ఒక్క పనిలో డాక్టరు చెయ్యి కూడా పడకూడదనుకున్నాడు. అచ్చు తనే ఇంట్లో తీశాడు. పళ్ళు ఎలా ఉండాలో చూసుకోవడానికి పాత ఫోటో ఒకటి గోడ మీద నుంచి దించి పని బల్ల మీద పెట్టుకున్నాడు. అక్క పడుచుగా ఉన్నప్పుడు ఇద్దరూ స్టూడియోలో దిగిన ఫోటో. నోరు మూసుకోమని ఫోటోగ్రాఫరు చెబుతున్నా వినకుండా, బుగ్గలు నిండుగా, పైవరసంతా కనిపించేలా నవ్వేసింది అందులో.

తప్పు అక్కడే జరిగింది. పళ్ళు లేని నోరు కాలం గడిచేకొద్దీ లోపలికి కూరుకుపోతుంది, చిగురు అరిగిపోతుంది, మొహం పొట్టిదవుతుంది. ఆ అరిగిన చిగురు మోయగలిగినంత ఎత్తే పళ్ళకు ఇవ్వాలి. ఒక్క వెంట్రుకవాసి ఎక్కువైనా నోటికి విశ్రాంతి ఉండదు. మాట్లాడితే పళ్ళు టకటకా కొట్టుకుంటాయి, నమిలితే చిగురు నలిగిపోతుంది. ఈ సంగతి మేస్త్రికి తెలియక కాదు, కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకు మొట్టమొదట చెప్పే మాటే అది. కానీ ఎదురుగా ఫోటోలో ఆ బుగ్గలు కనిపిస్తుంటే చెయ్యి ఆగలేదు. కొంచెం ఎత్తు పెంచాడు. బుగ్గలు ఇంకా రాలేదనిపించి మరికొంచెం పెంచాడు.

మైనంలో అమర్చి ఉన్న పళ్ళను డాక్టరు చూసి ముఖం చిట్లించాడు. "మేస్త్రీ, ఎత్తు ఎక్కువైనట్టుంది. అక్కగారిని ఒకసారి తీసుకురండి, మైనంలో ఉండగానే నోట్లో పెట్టి చూద్దాం."

"మా అక్క నోరు నాకు తెలియదా అండీ?"

"అప్పటి నోరు తెలుసు మీకు. ఇప్పటి చిగుళ్ళు చూడాలి కదా."

"నా చేతి మీద నమ్మకం లేకపోతే ఆ మాటే చెప్పండి" అన్నాడు మేస్త్రి. అంత మాట వచ్చాక డాక్టరు ఊరుకున్నాడు. తన పనిలో ఇతరులు వేలు పెడితే ఎవరికైనా మండుతుంది. కాకపోతే ఈయనకు మండిన రోజే డాక్టరు మాట నిజమైంది, అదే ఖర్మ.

సెట్టు తయారైంది. ఇంట్లో ముందుగదిలో అక్కను కూర్చోబెట్టి పళ్ళు పెట్టి, చేతికి అద్దమిచ్చాడు. ఇచ్చి, అలవాటు చొప్పున వెనక్కి వెళ్ళి వంటింటి తలుపు చాటున నిలబడ్డాడు. అక్క అద్దంలో ఒక్క క్షణం చూసుకుంది. తర్వాత నెమ్మదిగా చెయ్యెత్తి, చెవి మీద పడ్డ నెరిసిన జుట్టును వెనక్కి సర్దుకుంది. మేస్త్రి తలుపు చాటునే నిలబడి ఏడ్చేశాడు. ఇన్నేళ్ళలో ఇంతటి గెలుపు ఆయనకు ఎన్నడూ దక్కలేదు.

ఆ తర్వాత వీధిలో అక్కే ఆయనకు ప్రచారం. "మా తమ్ముడు చేసిందే, చూడండి" అని పలకరించిన ప్రతివాళ్ళకూ నవ్వి చూపించేది. నిజంగానే పదేళ్ళు చిన్నదైనట్టుంది. పళ్ళు కొద్దిగా చప్పుడు చేసేవి. కొత్త కదా, సర్దుకుంటాయిలే అని మేస్త్రి సర్దిచెప్పుకున్నాడు. కొన్నాళ్ళకు అక్క మాటలు తగ్గించింది. వయసు మీద పడుతోంది అనుకున్నాడు. చెంపలు నిండుగానే ఉన్నా మెడ ఎముకలు తేలాయి. "ఏంటక్కా, సరిగ్గా తినట్లేదా?" అని అడిగితే, "మధ్యాహ్నం మీ ఆవిడ మెక్కించి పెట్టిందిరా, ఆకలి లేదు" అనేది. ఆయన నమ్మాడు. ఊళ్ళో వాళ్ళ దవడల్ని భూతద్దం పెట్టి చూసే మనిషికి, ఎదురుగా కూర్చున్న అక్క మెతుకు నమలడం లేదన్నది కనపడలేదు. ఆయన్ని తిట్టాలనే ఉంటుంది నాకు. కానీ మన పనితనం అంత అందంగా ఎదురుగా కూర్చుని నవ్వుతుంటే దానికి వంక వెతికేవాళ్ళం మనలో ఎంతమందిమి?

చలి రోజులు మొదలయ్యాక అక్కకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులకు ఛాతీలో నెమ్ము చేరింది. పెద్దాస్పత్రిలో చేర్చారు. అక్కడి నర్సు పళ్ళు తీసి తడి దూదిలో చుట్టి మేస్త్రి చేతిలో పెట్టింది. డ్యూటీ డాక్టరమ్మ నోట్లోకి టార్చి వేసి చూసి, గిరుక్కున ఇటు తిరిగింది.

"చిగుళ్ళన్నీ పుండ్లే. కింద ఎముక దాకా ఒరుసుకుపోయింది. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది? ఈవిడ ఒంట్లో బలమన్నది లేదు, మందు పనిచెయ్యాలన్నా కాస్త సత్తువుండాలి కదా. అసలేం తింటోంది?"

జవాబు మేస్త్రి భార్య చెప్పింది, గోడకేసి తిరిగి.

"పాలు తాగేదండీ. పాలల్లో నానబెట్టిన రొట్టె. అదీ ఈయన పనికి వెళ్ళాక, పళ్ళు తీసేసి." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "మీరు గుమ్మంలో అడుగు పెడుతున్నారనగా మళ్ళీ పెట్టుకునేది వదిన. చెబుతానంటే నాతో ఒట్టు పెట్టించుకుంది. నన్నేం చెయ్యమంటారండీ? వాడికి లోకంలో ఉన్నది అదొక్కటేనే, దాన్ని నేను తీసెయ్యలేనే అని ఏడ్చింది."

మేస్త్రి మంచం పక్కన కూర్చున్నాడు. తడి దూది పొట్లం ఇంకా చేతిలోనే ఉంది. బోసినోటితో అక్క మొహం ఇంత చిన్నదై ఉందని ఆయన అప్పుడే చూశాడు.

"ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాడు. "నాకు పని రాదా? అరగ్గంట కూర్చుంటే సరిచేసేవాణ్ణి కదా."

అక్క చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది. "మొదటి రోజే చెబుదామనుకున్నానురా. అద్దంలో నువ్వు కనపడ్డావు. తలుపు చాటున నిలబడి, బిక్కమొహం వేసుకుని... బడి వదిలాక మిల్లు గేటు దగ్గర నాకోసం అట్లాగే నిలబడేవాడివి." ఆవిడ చెయ్యి చాపితే మేస్త్రి పట్టుకున్నాడు. "ఏం చెయ్యాలో తోచలేదు. జుట్టు సర్దుకున్నాను."

ఆ మాట విన్నాక మేస్త్రి బతుకులో మిగిలిందేమిటో నేను చెప్పలేను. తలుపు సందులోంచి ఇన్నేళ్ళూ చూసిన మొహాలన్నీ ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. వాళ్ళలో ఎవరు నిజంగా మరిచిపోయారో, ఎవరు నొప్పిని పంటి బిగువున దాచి ఇంటికి వెళ్ళి పళ్ళు తీసి అలమరలో పడేశారో ఎవరిని అడగాలి? అయినా అదంతా ఆలోచించే వ్యవధి లేదు. అక్క తింటే బతుకుతుంది, తినకపోతే లేదు. ఆయన చెంచాతో పట్టిస్తూ కూర్చున్నాడు. చిగుళ్ళు మానగానే డాక్టరుగారి చేతే అచ్చు తీయిస్తానక్కా, ఆయన చెప్పిన ఎత్తే పెడతాను, బుగ్గలు రాకపోతే పోనీ, అని చెప్పుకుంటూ పోయాడు. అక్క రెండు చెంచాలు మింగి, మూడోది పెదవుల పక్కనుంచి వదిలేసేది. తనకు మింగుడు పడటం లేదని ఇప్పుడు కూడా అనలేదు. "చాలురా, కడుపు నిండింది" అంది. మర్నాడు తెల్లారకముందే పోయింది.

ఇంటికి తీసుకొచ్చి ముందుగదిలో పడుకోబెట్టారు. మేస్త్రి బయట అరుగు మీద కూలబడి ఉండగా, పక్కింటావిడ సాయానికొచ్చింది. ఆవిడకు ఏ సంగతీ తెలియదు. "నలుగురూ చూడ్డానికొస్తారు, బోసినోటితో ఉంచుతామా?" అంటూ ఆస్పత్రి నుంచి తెచ్చి అలమరలో పెట్టిన పళ్ళు కడిగి తనే పెట్టింది. మొహం ఒక్కసారిగా నిండింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఎంత కళగా ఉంది, నిద్రపోతున్నట్టే ఉంది అని కళ్ళొత్తుకున్నారు. పళ్ళ డాక్టరు వచ్చి ఒక నిమిషం నిలబడి, తల దించుకుని వెళ్ళి గోడ వారగా నిలుచున్నాడు. అంతలో కోటు వచ్చాడు. వచ్చి, ఎంతైనా పనివాడే కనుక, వంగి ఆ మొహాన్ని పరీక్షగా చూశాడు. చూసి, మేస్త్రిని భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు.

"ఏం చెయ్యిరా నీది!" అన్నాడు, అందరూ వింటుండగా. "నా మిషన్లన్నీ కలిపి మొక్కుకున్నా ఇట్లాంటి వరస రాదు. నేను ఊరూరా తిరిగి ఉపన్యాసాలిస్తున్నా, గెలిచినవాడివి నువ్వురా."

గదిలో అందరూ మేస్త్రి వైపు తిరిగారు. జీవితమంతా వెనకగదిలో కూర్చున్న మనిషిని ఇంతమంది ఒకేసారి గౌరవంగా చూడటం అదే మొదలు. ఆయన ఎవరినీ చూడలేదు. అక్క తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో గడ్డం పట్టుకుని, రెండో చేతి బొటనవేలు పెదవి కిందికి పోనిచ్చి, ముందు కింది వరస, తర్వాత పై వరస మెల్లగా ఊడదీశాడు. బుగ్గలు పడిపోయాయి. పెదవులు లోపలికి ముడుచుకుపోయాయి. చూస్తుండగానే ఆ మొహం ముసలిదైపోయింది.

"అదేంటయ్యా, చక్కగా ఉన్నదాన్ని!" అంది పక్కింటావిడ బిత్తరపోయి.

మేస్త్రి పళ్ళను గుప్పిట్లో దాచేసుకున్నాడు.

"నొప్పిగా ఉన్నాయమ్మా ఆవిడకి" అన్నాడు.