మా ఇంటాయన పేరు మీది గాలం పర్మిట్

“చింతపండు నానబెట్టు, చేపలు తెస్త.”

“ముందు తే, గప్పుడు సూద్దాం.”

మా ఇంటాయన, నేను ఆఖరుగ అనుకున్న మాటలు గివే. ఉప్పల్ కాడ మూసీ ఒడ్డుమీదనే గుండె ఆగి పోయిండు.

గప్పట్ల మేం నాచారంల ఉంటుంటిమి. దినాలకు ఆయనకిష్టమైన చేప వండి కాకికి పెట్టాలె. ముందురోజు ఆయన గాలం, పర్మిట్ పట్టుకొని మూసీకి పోయిన.

“ఆయన పేరు మీదిది నీకు చెల్లదమ్మా,” అని చేపల కాంట్రాక్టర్ పెట్టిన కావలాయన నలుగురి ముంగట గాలం గుంజుకున్నడు. రేషన్ కార్డు లెక్క ఇంటోళ్లందరికీ ఒకటే అనుకున్న నేను. తల దించుకొని, చేప ఎందుకో చెప్పిన.

“నువ్వెయ్యద్దక్కా. నాకు హక్కుంది, నేనేస్త. కూసో,” అన్నడు.

పొద్దుగూకేదాంక ఏసి ఒక్క చేప పట్టిచ్చిండు. తెల్లారి కాకి ముట్టింది. పర్మిట్ మనిషికే గని ఇంటికి గాదని గప్పుడే తెలిసింది.

కోడలా, నేను చెప్తుంటె నువ్వు రాసింది జర సదివి ఇనిపియ్యి. ఆ కావలాయనను చెడ్డోడని రాయలేదు గద?