పసుపు రంగు పోయిన కుప్ప

నేను ఏడో తరగతి మూడేండ్లు చదివినాను. మూడో ఏడు కొత్తగా వచ్చిన అయ్యవారు నన్ను చూసి కుర్చీలోంచి లేచి దండం పెట్టినాడు, తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకోని. ఆ మర్యాద పోగొట్టుకోవడం ఇష్టంలేక మరుసటి రోజు నుంచి బడికే పోలేదు. కాబట్టి చదువుకున్నోళ్ల గురించి నేను చెప్పేది కడుపుమంట అనుకున్నా ఫరవాలేదు.

నాకొక మినీ లారీ ఉండాది. మామిడి కాలంలో తోటల్లో తోతాపురి కాయ ఎత్తుకోని చిత్తూరు దగ్గర గుజ్జు ఫ్యాక్టరీకి తోలేది నా పని. ముందంతా ఫోన్లమీదనే నడిచేది. రైతు నాకు చేసేవాడు, నేను ఎత్తకపోతే ఇంకొకనికి చేసేవాడు. ఇద్దరం ఒకే తోటకు పోయి ఒకరి మొహం ఒకరం చూసుకుంటా ఉంటే, పక్క తోటలో కాయ ఎండలో పడుండేది.

అప్పుడు తిరుపతిలో ఉండే ఒక సారు ఆన్‌లైన్లో షీటు పెట్టినాడు. ఐరాల పక్క ఆయనకు తాతలిచ్చిన తోట ఉండాది. దాంట్లో ఏ చెట్టు యాడుండాదో కాపలావాణ్ణి అడిగితేగానీ ఆయనకు తెలీదు. షీటు మాత్రం బాగనే పెట్టినాడు, ఆ మాట దాయను. రైతుకొక వరస. ఊరు, కాయ ఎంత, ఫ్యాక్టరీ టోకెను ఏ రోజుది. కాయ కోసి కుప్ప పోసినాక రైతు తన వరసకు పసుపు రంగు కొడతాడు. లారీవాడు అది చూసి పోతాడు, ఎత్తినాక ఆకుపచ్చ రంగు కొడతాడు. షీటు నెత్తిన ఒకే మాట రాసిపెట్టుకున్నాం: ఫోన్లు చేయొద్దు, షీటు చూడండి.

నలభైమంది రైతులు, ఆరుగురు లారీవాళ్లం. సగంమందికి సగంమంది మొహాలే తెలీవు. ఒకరు చేసింది చూసి ఇంకొకరు తమ పని చేసుకుంటా పోతిమి. మొదటి పది రోజులు కాయ ఒక్క పూట ఆగితే ఒట్టు.

పని బాగా జరుగుతా ఉంటే చదువుకున్నోడికి అన్నం సహించదు. షీటు ఎట్ల వాడాలో నేర్పడానికి ఒక వీడియో మీటింగు పెట్టినారు, పది రోజుల్నుంచి వాడుతుండేవాళ్లకు! నేను లోడు పైన కూర్చోని తాడు బిగిస్తా విన్నాను. "అందరూ మైకులు ఆపండి" అని చెప్పిన సారు మైకే అర్ధగంట ఆగలే. ఇంకొకాయన రిటైరైన ఆఫీసరంట, ప్రతి వరస పక్కనా "గమనించడమైనది" అని రాసేవాడు. ఏం గమనించినాడో ఆయన్ని కన్నోళ్లకే తెలియాల. నేనొకనాడు "టైరు పంచరు, గంట లేటు" అని రాస్తే దానికి ఏడు బొటనవేళ్ల బొమ్మలు వచ్చినాయి. ఒక్కడన్నా జాకీ పట్టుకోని రాలే.

ఐరాల దాటినాక రోడ్డుపక్కనే ఒక అక్క తోట ఉండాది. మొగుడు పోయినాడు. ఇద్దరు కూలోళ్లను పెట్టుకోని, తానూ చిక్కం కర్ర పట్టుకోని కాయ కోసేది. ఆమె టోకెను శనివారానిది. ఆ రోజు గేటు దాటకపోతే ఇంకొక టోకెనుకు వారం ఆగాల. కోసిన కాయ వారం ఆగదు. ఏడాదికి ఆమెకుండేది ఆ ఒక్క కాపే. శనివారం పొద్దున్నే కుప్ప పోసి, వరసకు పసుపు కొట్టి, ఫోను నడుముకు దోపుకోని లారీ కోసం నిలబడింది.

అదే పొద్దున తిరుపతిలో సారు కాఫీ తాగుతా షీటు చూసినాడంట. అందంగా లేదనిపించిందంట. ఒక వరస తెలుపు, ఒక వరస లేత నీలం, పైనుంచి కింది దాకా పూసేసినాడు. పసుపులన్నీ ఆ రంగు కింద పడి పోయినాయి. షీటువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒకటే పొగడ్తలు. "సూపర్ సార్." "కండ్లకు చల్లగా ఉండాది సార్." ఫోను చేతిలోనుంచి దించనోళ్లు చూసుకోని మళ్లా పసుపు కొట్టుకున్నారు. అక్క చూసుకోలే. ఒకసారి కొట్టినాక మళ్లా మళ్లా చూసుకుంటా కూర్చుంటే కాయకు నీడ ఎవరు కప్పేది?

పదిగంటలప్పుడు నేను ఖాళీ లారీతో ఆమె తోట ముందరనే పోయినాను. కుప్ప నా కండ్లకు కనపడింది, మనిషెత్తు. దానిపక్కన అక్క చెయ్యెత్తింది. ఫోనులో ఆమె వరస లేత నీలం. ముందరి ఊర్లో ఒక పసుపు వరస ఉండాది, నేను దానికి పోతా ఉంటి. అక్క పలకరిస్తా ఉండాదనుకోని నేనూ చెయ్యూపినాను. మర్యాదకు హారన్ కూడా కొట్టినాను.

సాయంత్రం గేటు మూసేసినారు. ఆదివారం పొద్దున ఆమె వరసలో కూతురి చేత రాయించింది: "లారీ రాలే. టోకెను పాయె." దానికీ నాలుగు బొటనవేళ్లు.

మంగళవారం లారీ ఏసుకోని పోయినాను. కుప్పలో సగం నల్లబడిపోయి ఈగలు ముసురుతా ఉండాయి. అక్క గోనెపట్ట మీద కూర్చోని, ఊరగాయకైనా పనికొచ్చేవి ఏరుతా ఉండాది. నాకు నోరు ఊరకుండదు కదా.

"ఆ తిరుపతి సారుకు రంగుల పిచ్చి పట్టిందక్కా," అన్నాను. "అంత సరదాగా ఉంటే వాళ్లింటి గోడకు పూసుకోమను. మామిడికాయను జ్యూసు డబ్బాలో తప్ప చూడని మనిషి మనకు దారి చూపిస్తాడంట!"

అక్క నవ్వలే. ఏరుతానే ఉండాది.

"నాకొక ఫోను కొట్టుంటే బాగుండు గదక్కా," అన్నాను.

"ఫోన్లు చేయొద్దని రాసిపెట్టింది మీరే కదప్పా."

"అదీ ఆ సారే..."

ఆమె చేతిలోని కుళ్లుకాయ పక్కకేసి తలెత్తింది.

"ఆయప్ప నా కాయను చూడనే లేదు, ఆయప్పను ఏమనేది? నువ్వు చూసినావు, నన్నూ చూసినావు, చెయ్యూపి హారన్ కొట్టి మరీ పోయినావు. నీకు ఏ రంగు కొట్టాలో చెప్పి పో."