మరేమో అనే పాచి ఉండ

ఇందులో ప్రతి అక్షరం నిజం. ఈ మాట నా నోటి నుంచి వస్తే ఏలూరులో మా వీధి కుక్క కూడా నమ్మదు కాబట్టి, ఒట్టు వేసి మరీ మొదలుపెడుతున్నాను. వెయ్యడానికి నాకు మనిషి తల అంటూ మిగల్లేదు. పిల్లలు లేరు. మా ఆవిడ లేదు. నా తల మీద నేనే వేసుకుంటే అది లెక్కలోకి రాదని ఆవిడ బతికున్నప్పుడే తేల్చేసింది. అందుకని మా ఫ్రిజ్ తలుపులో, మజ్జిగ పక్కన, గాజు సీసాలో ఉన్న పాచి ఉండ మీద ఒట్టు. నేను అబద్ధం రాస్తే అది చచ్చిపోవాలి.

ఆ ఉండ జపాను నుంచి వచ్చింది. ఇది కోత కాదు. నేను అప్పట్లో ఉండి అనే ఊరి దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో కారు డ్రైవరుని. ప్రభుత్వం కొల్లేట్లోకి పొక్లెయిన్లు దింపి చేపల చెరువుల గట్లు కొట్టించేసిన తర్వాతి ఏడాది, సరుకు చూసుకోవడానికి జపాను నుంచి ఒకాయన వచ్చాడు. తాడేపల్లిగూడెం స్టేషన్లో ఎక్కించుకోవడం, ఉన్నన్నాళ్ళూ తిప్పడం, మళ్ళీ అక్కడే దింపడం నా డ్యూటీ. ఆయనకి తెలుగు రాదు, నాకు జపాను భాష రాదు. అయినా దారి పొడవునా నేను నోరు ముయ్యలేదు. మా తాత కొర్రమీను వీపెక్కి కొల్లేరు దాటి సంతకి వెళ్ళేవాడనీ, గూడెంలో ఉల్లిపాయల లారీ బోల్తా పడితే పెళ్ళివారు కూడా ఏడ్చుకుంటూ తాళి కట్టించారనీ చెప్పాను. ఆయన ప్రతిదానికీ తల ఊపి, వాళ్ళ భాషలో అవునన్నట్టు, "హాయ్, హాయ్" అనేవాడు. నన్ను ఒక్కసారైనా అనుమానించని శ్రోత నా జన్మకి ఆయనొక్కడే.

వెళ్ళిపోయే రోజు ప్లాట్‌ఫారం మీద నిలబడి, బ్యాగులోంచి చిన్న సీసా తీసి నా చేతిలో పెట్టాడు. నీళ్ళ అడుగున నిమ్మకాయంత పచ్చటి ఉండ, ముఖమల్ గుడ్డతో చేసినట్టుంది. "మరిమో" అన్నాడు. ఎలా పెంచాలో చేతులతోనే చెప్పాడు. ఎండ వైపు చూపించి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఉండని గుప్పిట్లో పెట్టుకుని మెల్లగా ఒత్తి, మళ్ళీ నీళ్ళలో వదిలి, గుండ్రంగా ఉండేందుకు వేలితో దొర్లించాడు. చివరికి అరచెయ్యి కింద నుంచి పైకి లేపి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. అప్పుడప్పుడూ పైకి తేలుతుంది, తేలితే అది సుఖంగా ఉన్నట్టు అని నాకు అర్థమైంది.

ఇంటికి తెచ్చి మా ఆవిడకి పేరు చెప్పాను.

"ఏంటన్నారు, మరేమోనా?"

"మరిమో."

"అదేనండీ, మరేమో. మీరు కోత మొదలుపెట్టే ముందు అనే మాట. వెతుక్కుని మరీ మీకే ఇచ్చాడు."

చిన్నపిల్లలు కథ చెబుతూ మాట అందనప్పుడల్లా "మరేమో, మరేమో" అంటారు చూడండి, ఆ మరేమో. పేరు అలాగే స్థిరపడిపోయింది. ఆవిడది కొల్లేటి లంక గ్రామం. తమ ఊళ్ళో గంపలకి గంపలు పాచి ఎత్తి గట్టున పారేస్తుంటే, నేను రొయ్యలిచ్చి పాచి తెచ్చుకున్నానని నాలుగిళ్ళకీ చెప్పి నవ్వింది. నేను తక్కువ తిన్నానా? అది జపాను రాజుగారి తోటలోదనీ, వాసన చూస్తే పడిశం పోతుందనీ పక్కింటావిడకి చెప్పాను. ఆవిడ రోజూ వచ్చి సీసా మూతి దగ్గర ముక్కు పెట్టి వెళ్ళేది. పడిశం తగ్గిందని కూడా చెప్పింది.

ఇక్కడ తేలడం అనే మాట సంగతి చెప్పాలి. చేపల చెరువు ఉన్న ఇంట్లో ఆ మాట ఎవరూ ఊరికే అనరు. మబ్బు పట్టి ఉక్కబోసిన మర్నాడు తెల్లారేసరికి నీళ్ళలో గాలి అయిపోతుంది. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకొస్తాయి. "చేప తేలింది" అని గట్టు మీద నుంచి కేక వినపడితే ఇంటిల్లిపాదీ పరుగెత్తాలి, ఇంజన్లు పెట్టి నీళ్ళు పైకి చిమ్మించాలి. ఆలస్యమైతే చెరువంతా తెల్లటి పొట్టలే. మా ఆవిడ ఆ కేక వింటూ పెరిగింది. మా మామగారి చెరువు గట్టు కూడా పొక్లెయిన్ కింద పోయింది గానీ, ఆ కేక మాత్రం ఆవిడ చెవుల్లోంచి పోలేదు.

ఒకరోజు పొద్దున్న వంటింట్లోంచి పిలిచింది. "ఏవండీ, తేలిపోయిందండీ."

వెళ్ళి చూస్తే కిటికీలోంచి పడ్డ వెలుగులో మరేమో సీసా మూతి దాకా లేచి ఉంది. ఒంటి నిండా సన్నటి బుడగలు. మా ఆవిడ గరిటెతో నీళ్ళు చిలుకుతోంది, దానికి గాలి ఆడాలని. ముఖం పాలిపోయింది. చావడం కాదోయ్, దానికి వెలుగు తగిలి ఊపిరి ఎక్కువైంది, అందుకే తేలిందని చెప్పాను. నా జీవితంలో చెప్పిన అతి కొద్ది నిజాల్లో అదొకటి. ఆవిడ నమ్మలేదు.

"నా తల మీద ఒట్టు వెయ్యండి."

నేను ఆశ్చర్యపోయాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ నన్ను ఆ పని చెయ్యనివ్వలేదు. అబద్ధానికి ఒట్టు వేస్తే ఎవరి తల మీద వేస్తే వాళ్ళు పోతారని మా వైపు నమ్మకం. మీ కోతలకి నా తల అడ్డం పెట్టకండి అనేది. అలాంటిది ఆ రోజు తనే తల వంచింది. చెయ్యి పెట్టాను. నూనె రాసుకున్న పాపిట వెచ్చగా ఉంది. ఎండ తగ్గాక మరేమో అడుక్కి దిగింది, మర్నాడు మళ్ళీ లేచింది, పచ్చగానే ఉంది. అప్పటి నుంచీ ఆవిడ దగ్గర నాకు కొత్త పరపతి వచ్చింది. ఒట్టేస్తే ఈ మనిషి నిజమే చెబుతాడని ఆవిడకి నమ్మకం కుదిరింది.

ఆ పరపతి నేను ఎలా వాడుకున్నానో వినండి.

ఆ చలికాలం ఆవిడకి తిండి సయించడం మానేసింది. కడుపులో నొప్పి అనేది, చిక్కిపోయింది. ఏలూరులోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. పరీక్షలయ్యాక డాక్టరు ఆవిడని బయట కూర్చోమని, నన్ను ఉండమన్నాడు. చెయ్యగలిగింది ఏమీ లేదనీ, ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టుకోమనీ చెప్పాడు. మా వైపు ఇలాంటివి మొగుడికే చెబుతారు. తర్వాత సంగతి మొగుడి ఇష్టం.

ఆటోలో అడిగింది. "ఏం తేలిందండీ?"

"పుండు. మందులతో మానిపోతుంది."

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుని మళ్ళీ అడిగింది. నాకూ లోపల మరేమో లాంటి ఉండ ఉందంటారా అంది. లేదన్నాను. తల వంచింది. నేను చెయ్యి పెట్టాను. పుండే, నీ మీద ఒట్టు అన్నాను. ఆవిడ హాయిగా ఊపిరి తీసుకుని, అన్నంలోకి చారు పెట్టమంటారా అని అడిగింది.

తర్వాత ఏలూరు ఎండలు వచ్చాయి. జపాను చలిలో పుట్టినదానికి మా ఎండలు ఏం పడతాయి? మరేమో ఒక పక్క గోధుమరంగుకి తిరిగింది. కరెంటు ఉన్నంతసేపూ ఫ్రిజ్‌లో పెట్టేవాణ్ణి. పోయినప్పుడు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఐసు ముక్కల మధ్య గిన్నెలో నిలబెట్టేవాణ్ణి. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ వాసన పోయేదాకా బిందెలో నిలవ ఉంచి మార్చేవాళ్ళం. ఒత్తే పని మాత్రం ఆవిడదే. నేను చింతపండు పిసికినట్టు పిసుకుతానని నా చేతికి ఇచ్చేది కాదు. మంచం దిగలేని రోజుల్లో కూడా పళ్ళెంలో పెట్టి ఇస్తే రెండు చేతుల మధ్య దొర్లించేది. ఆ చేతులు రోజురోజుకీ చిన్నవైపోతుంటే ఉండ పెద్దదవుతున్నట్టు కనపడేది. మందులు మార్చమని మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్దామనేది. వెళ్దాం అనేవాణ్ణి. వీలు చూసుకుని ఆవిడ నిద్రలో ఉండగా నా కుడిచేతిని చూసుకునేవాణ్ణి. ఆ రోగం ఒట్టుకి ముందే వచ్చిందని నాకు తెలుసు. తెలిసినా ఆ చెయ్యి కడుక్కుంటూనే ఉండేవాణ్ణి. పక్కింటావిడ వచ్చి, సీసా ఈవిడకి వాసన చూపించకపోయారా అంది. నేను చెప్పిన కోతే. ఏమనగలను? చూపించాను.

చివరి రోజుల్లో ఒక పొద్దున్న, ఫ్రిజ్‌లో చీకట్లో దానికి ఊపిరాడదు, కాసేపు కిటికీలో పెట్టండి అంది. పెట్టాను. మంచం పక్కన కూర్చుని, ఇక దాచలేక నోరు విప్పాను.

"అది పుండు కాదోయ్."

"తెలుసండీ" అంది. "మీరు చెబుతారో లేదోనని చూస్తున్నాను."

నా కుడిచెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. దుమ్ము దులిపినట్టు ఆ చేత్తోనే పాపిట మీద తుడిపించింది. "ఒట్టు తీసేశాను. ఇక మీకే పాపం లేదు" అంది. అప్పుడే కిటికీలో మరేమో మెల్లగా లేచింది. ఇద్దరం చూశాం. ఆవిడ నవ్వింది. ఆ వారంలోనే పోయింది.

చదివారుగా. ఇప్పుడు చెబుతున్నాను. "అది పుండు కాదోయ్" అన్న దగ్గర నుంచి ఆవిడ నవ్విన దాకా నేను కల్పించాను. మిగతాదంతా నిజం, కొర్రమీనూ ఉల్లిపాయల లారీ తప్ప.

ఆ పొద్దున్న సీసా కిటికీలో పెట్టిన మాట నిజం. ఎండ బాగానే వచ్చింది. మరేమో అడుగునే ఉండిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకునే అడిగింది. "ఏం తేలిందండీ?"

ఉండ గురించి అడిగిందో, రిపోర్టు గురించి అడిగిందో నాకు తెలియలేదు. తెలుసుకునే ధైర్యమూ చెయ్యలేదు. "ఇంకాసేపట్లో తేలుతుందిలే" అన్నాను. ఆవిడ గోడ వైపు తిరిగింది. మళ్ళీ ఏమీ అడగలేదు. ఒట్టు నా చేతికే ఉండిపోయింది.

మొదట్లో ఇంకో ఒట్టు కూడా వేశాను, మరేమో మీద. ఇది రాయడానికి కూర్చునేటప్పుడు అది ఒక పక్కన ఇంకా పచ్చగానే ఉంది. ఇప్పుడు లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తియ్యాలి.